ఒకటి తక్కువ

ఆ వేసవిలో మా ఇంట్లో ఏ సీసాకీ మూత సరిగ్గా బిగించి ఉండేది కాదు. నీళ్ల సీసా, వంటనూనె సీసా, పంచదార డబ్బా, అన్నీ అంతే. మూత ఊరికే పైన కూర్చుని ఉండేది, ఎత్తితే చేతికొచ్చేసేది. ఒకరోజు నూనె సీసాని మూత దగ్గర పట్టుకుని ఎత్తబోతే మూత చేతిలోకీ, సీసా నేల మీదకీ వచ్చాయి. దాని గురించి మా అమ్మాయిని ఎన్ని మాటలన్నానో లెక్కలేదు. ఇప్పుడు ఆ మాటలు ఒక్కొక్కటే గుర్తొస్తుంటే నా నోటి మీద నేనే కొట్టుకోవాలనిపిస్తుంది.

మా అమ్మాయికి అప్పుడు పదమూడేళ్లు. మనిషి చిన్నదే గాని ఘాటు ఎక్కువ. అందుకే వాళ్ల నాన్న దాన్ని మిరియం అంటాడు. ఆయన బట్టల కొట్లో కటింగ్ మాస్టరు. నేను ఆస్పత్రిలో చేతుల విభాగంలో, కట్లు విప్పిన చేతులకి వ్యాయామాలు చేయించే పనిలో ఉన్నాను. పదేళ్లుగా అదే పని. ఎవరైనా చెయ్యి చాపితే ముఖం కంటే ముందు వేళ్లు చూసే అలవాటు నాది.

ఆ వేసవికి మా డాక్టరుగారు నన్ను కొత్త పనిలో వేశారు. ఆటల హాల్లో సెలవుల శిక్షణకి వచ్చే పిల్లల పిడికిలి బలం కొలవాలి. ఆరేళ్ల నుంచి పదిహేడేళ్ల దాకా, ఏ జబ్బూ లేని పిల్లలే కావాలి. ఏ వయసులో చేతికి ఎంత పట్టు ఉండాలో ఒక పట్టిక తయారైతే, రేపు చెయ్యి విరిగిన పిల్లనో, నరాలు దెబ్బతిన్న పిల్లనో దాంతో పోల్చి చూడొచ్చు. జబ్బు పిల్లల మేలు కోసం జబ్బు లేని పిల్లల్ని కొలవడం నాకు భలే నచ్చింది. ఎనిమిది వారాల పని, చల్లటి హాలు, చుట్టూ పిల్లలు. ఎగిరి గంతేసి ఒప్పుకున్నాను.

పరికరం పెద్దదేమీ కాదు. ఒక ఇనుప పిడి, దాని మీద గడియారంలాంటి ముఖం. పిడిని పిండితే ముల్లు లేస్తుంది. దాంతోపాటు ఒక ఎర్ర ముల్లు కూడా లేచి, చెయ్యి వదిలేసినా కిందికి రాకుండా పైనే నిలబడుతుంది, ఎంతదాకా వెళ్లామో చెప్పడానికి. దాన్ని మళ్లీ మనమే సున్నాకి తిప్పాలి. పిల్లలు దానికి పిండుడు మెషిను అని పేరు పెట్టారు.

బల్ల మీద నియమాల కాగితం అంటించారు. నేను అసలే నియమాల మనిషిని. రోడ్డు ఖాళీగా ఉన్నా ఎర్ర దీపం వెలిగితే ఆగిపోతావని మా ఆయన వేళాకోళం చేస్తుంటాడు. ఆ కాగితం ప్రకారం, ప్రతి పిల్లకీ ముందు కొలిచే మనిషి తాను గట్టిగా పిండి చూపించాలి. అప్పుడు ముల్లు పిల్ల వైపు ఉండాలి, ఎలా కదులుతుందో తెలియాలి కదా. పిల్ల పిండేటప్పుడు మాత్రం ముల్లు నా వైపు ఉండాలి. మూడుసార్లు పిండించి, ప్రతిసారీ అంకె పైకి చెప్పాలి. మూడింట్లో పెద్దది లెక్కలోకి వస్తుంది. అందరితోనూ అవే మాటలు, అదే గొంతు. "భుజం వదులు. మోచెయ్యి ఒంటికి ఆనించు. పిండు. గట్టిగా. ఇంకా గట్టిగా. చాలు." ఒక పిల్లని ముద్దు చేసి, ఇంకో పిల్లని గదమాయిస్తే అంకెలు మారిపోతాయట.

నేను చూపించిన అంకె ఎవరూ రాయరు. దాంతో ఎవరికీ పనిలేదు. చూపించడం అవగానే, అటు తిరిగున్న ముఖం మీదే వేలితో తడిమి ఎర్ర ముల్లుని సున్నాకి తిప్పేసి, పిడిని పిల్ల చేతిలో పెట్టేదాన్ని. రోజుకి అరవై మంది పిల్లలు.

రాయడానికి ఒక రిటైరైన డ్రిల్లు మాస్టారు కూర్చునేవారు. ఆయన అక్షరం ముత్యం. మాట మాత్రం ఇంకా మైదానంలో ఉన్నట్టే ఉంటుంది.

రోజూ వచ్చే ఈ పిల్లలు కాక పన్నెండుమంది సోమవారం పిల్లలుండేవాళ్లు. వాళ్లని ప్రతి సోమవారం కొలవాలి. అదే పిల్లకి వారం వారం దాదాపు అదే అంకె వస్తేనే పరికరాన్నీ, కొలిచే మనిషినీ నమ్మొచ్చని. పదకొండుమందే దొరికారు. పన్నెండోది మా మిరియం. కాగితం మీద 'ఈ పిల్లకి ఏ అనారోగ్యమూ లేదు' అన్న చోట నేనే సంతకం పెట్టాను. మాస్టారు దానికి ఏడో నంబరు ఇచ్చారు.

మొదటి సోమవారం సాయంత్రం ఇంటికొచ్చాక అది వాళ్ల నాన్నతో గొప్పలు పోయింది.

"నాన్నా, నాకు ఇరవై ఏడు కిలోలు. అమ్మకి ఇరవై ఎనిమిది. ముల్లు నా వైపే ఉంది, చూశాగా. ఒక్కటంటే ఒక్కటే తేడా!"

"ఇంకేం, వచ్చే వారానికి మీ అమ్మని కొట్టేస్తావు," అన్నాడు మా ఆయన.

"కొట్టనీ," అన్నాను నేను. "ఇది నన్ను దాటిన రోజున నేను ముసలిదాన్నైపోయినట్టే. ఇంక కాళ్లు చాపుకుని ఓ మూల కూర్చుంటా. వంటా వార్పూ అంతా దీని నెత్తినే."

అందరం నవ్వాం. అది కూడా నవ్వింది. నవ్వి, నా వైపు ఒకసారి చూసింది.

రెండో సోమవారం దానికి ఇరవై ఆరు వచ్చింది. ఒకటి అటూ ఇటూ అవడం మామూలే. మూడో సోమవారం ఇరవై నాలుగు.

"ఏడు. కుడి. ఇరవై నాలుగు," అన్నాను. మాస్టారి కలం ఆగింది.

"ఏమ్మా, పొద్దున్న తిండి తినలేదా?" అన్నారు దాని వైపు చూసి.

"తిన్నాను మాస్టారూ," అంది అది, కాలి నుంచి జారిన చెప్పు సరిచేసుకుంటూ.

మిగతా పదకొండుమందికీ పాత అంకెలే. నాకు లోపల చిన్న ముల్లు గుచ్చుకుంది.

మా పెద్దమ్మ కూతురు ఒకతె ఉండేది. పద్నాలుగేళ్లప్పుడు దాని చేతిలోంచి మొదట కలం జారింది, తర్వాత కంచం జారింది, రెండేళ్లు తిరక్కుండా కుర్చీలో కూర్చోబెట్టి ముద్ద పెట్టాల్సి వచ్చింది. ఎప్పుడో మర్చిపోయాననుకున్నాను. ఆ రోజు ఇరవై నాలుగు అని చెప్పిన నోటితోనే అది మళ్లీ గుర్తొచ్చింది.

అప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. మా అమ్మాయి ఏం చేస్తున్నా దాని చేతులే చూసేదాన్ని. బొత్తాలు పెట్టుకుంటుంటే, జడ వేసుకుంటుంటే, పెన్సిలు చెక్కుతుంటే. అన్నీ చక్కగానే చేసేది. కానీ మూతలు! నీళ్లు తాగి సీసా మూత అలా ఆనించి వదిలేసేది.

"మూత బిగించడానికి కూడా చేతిలో పస లేదా నీకు?" అని అరిచాను ఒకరోజు.

"మర్చిపోయానమ్మా," అంది.

మర్చిపోవడం ఒకసారి, రెండుసార్లు. రోజూనా? బిగించలేక దాస్తోందని నాకు గట్టిగా అనిపించింది. కావాలని ఒక నీళ్ల సీసా నేనే బిగించి దాని ముందు పెట్టాను. అది ఇట్టే తీసి తాగి, మళ్లీ వదులుగానే పెట్టింది. నేను బిగించిన బిగింపు ఎంత అని మాత్రం నాకు తట్టలేదు.

నాకూ చేతులు పీకుతూనే ఉన్నాయి. రోజుకి అరవైసార్లు ఇనుప పిడి పిండితే పీకవా మరి? పొద్దున్న లేచేసరికి బొటనవేలూ, పక్క రెండు వేళ్లూ తిమ్మిరెక్కి ఉండేవి. విదిలించుకుని పనిలో పడేదాన్ని. ఇంటి తాళం రెండుసార్లు జారవిడిచాను. నా ధ్యాసంతా పిల్ల మీద ఉంది కాబట్టే అనుకున్నాను.

నాలుగో సోమవారం పొద్దున్నే పిల్లలు రాకముందు పరికరాన్ని తలకిందులుగా బిగించి, పిడికి తూకపు రాళ్లు వేలాడదీసి చూశాను. పది కిలోలకి పది. ఇరవైకి ఇరవై. పరికరం తప్పు చూపిస్తోందని తేలితే ఎంత బాగుండేదో. ఇంకోసారి వేలాడదీశాను. మళ్లీ అంతే.

"అమ్మాయ్, ఎన్నిసార్లు వేలాడదీసినా రాయి రాయే," అన్నారు మాస్టారు వెనకనించి. గొంతు తగ్గించి, "పిల్లని డాక్టరుగారికి చూపించరాదూ?" అన్నారు.

"ఇంకో వారం చూద్దాం మాస్టారూ," అన్నాను. చూపిస్తే ఏం వినాల్సి వస్తుందోనని నా భయం. జబ్బు ఉందని తేలితే ఏడో నంబరు వరస మొత్తం పట్టికలోంచి కొట్టేయాలి. కొట్టేసే గీత నా కళ్లకి ముందే కనబడుతోంది.

ఆ రోజు ఇరవై మూడు. ఐదో సోమవారం ఇరవై ఒకటి.

ఇంటికెళ్లి మా ఆయన్ని పట్టుకుని ఏడ్చేశాను. ఆయన గుడ్డ మీద సుద్దతో గీతలు గీస్తున్నాడు. సుద్ద పక్కన పెట్టి నిదానంగా విన్నాడు.

"నువ్వు కొలిచినప్పుడు మాత్రమే తగ్గుతోందా, లేక ఊరికే ఉన్నప్పుడు కూడానా?" అని అడిగాడు.

"అదేం ప్రశ్నండీ?"

"ఏం లేదు. నేను టేపు పట్టుకోగానే పొట్ట లోపలికి లాక్కోని మనిషిని ఇంతవరకు చూడలేదు. అందుకే కబుర్లలో పెట్టి రెండోసారి తీస్తా. మొన్న మన మిరియం బియ్యం బస్తా ఈ గదిలోంచి ఆ గదిలోకి ఒక్కత్తే ఈడ్చింది. అది కూడా చూడు."

నాకు ఒళ్లు మండిపోయింది. నా బాధ నాకుంటే ఈయన పొట్టలూ బస్తాలూ అంటాడేమిటి అనుకున్నాను. చేసే పని మీద నాకంత నమ్మకం మరి. అంకె అబద్ధమాడదు.

ఆరో సోమవారం మొదటిసారి పిండితే పదహారు. రెండోసారి పద్దెనిమిది. మూడోసారి పంతొమ్మిది. "పంతొమ్మిది," అనేటప్పుడు నా గొంతు నియమం తప్పింది. మాస్టారు తలెత్తకుండా రాసుకున్నారు. మా అమ్మాయి లేచి, నా ముఖంలోకి చూడకుండా, పిడిని బల్ల మీద మెత్తగా పెట్టి వెళ్లిపోయింది.

మర్నాడు ఆరు వారాల కాగితాలూ, పరికరమూ, పిల్లా అన్నీ పట్టుకుని డాక్టరుగారి గదిలో కూర్చున్నాను. ఆవిడ మా అమ్మాయి చేతులు రెండూ తన ఒళ్లోకి తీసుకున్నారు. వేళ్లు విడదీసి నొక్కారు. రెండు వేళ్ల మధ్య కాగితం పెట్టి లాగారు. కాగితం చిరిగింది గాని రాలేదు. తర్వాత తన రెండు వేళ్లు దాని పిడికిట్లో పెట్టి, "నీ బడి ఎక్కడ? పొద్దున్న ఏ బస్సులో వెళ్తావు?" అని మాటల్లో పెట్టి, మధ్యలో టక్కున "పిండు" అన్నారు.

"అబ్బా!" అని ఆవిడే చెయ్యి లాక్కున్నారు.

నాకేమీ అర్థం కాలేదు. ఆవిడ కాగితాలు ముందేసుకుని వరసలు చూశారు.

"నువ్వు ఇన్ని వందల మందిని కొలిచావు కదా. మూడోసారికి పిల్లల అంకె ఏమవుతుంది?"

"కొంచెం తగ్గుతుంది మేడమ్. అలిసిపోతారు."

"ఈ పిల్లకి చూడు. రెండో వారం నుంచీ మూడోసారే ఎక్కువ. కింద మొదలుపెట్టి, నువ్వు చెప్పే అంకె వింటూ, మెల్లగా ఎక్కి ఒకచోట ఆగుతోంది. దీని చేతికి ఏ లోటూ లేదు. కావాలనే తక్కువ పిండుతోంది."

గుండెల మీంచి బండ దించినట్టయింది. వెంటనే ఒళ్లు తెలియని కోపం వచ్చింది. మూడు వారాల నుంచి నేను తిన్న తిండి ఒంటికి పట్టలేదు. దీనికి ఆటగా ఉందా?

"ఏమే, నన్ను చంపుకు తింటావా? ఎందుకు చేశావీ పని?"

అది తల వంచుకుంది. డాక్టరుగారు నన్ను చేత్తోనే ఆపి, "ఎక్కడ ఆగాలనుకున్నావమ్మా?" అని దాన్ని అడిగారు.

"అమ్మ కంటే ఒకటి తక్కువ దగ్గర."

ఆవిడ కాగితాల మీంచి తలెత్తి దాని వైపు చూశారు.

"అమ్మ ముందు పిండి చూపిస్తుంది కదా," అంది అది, నాకు కాదు, ఆవిడకి చెబుతున్నట్టు. "ముల్లు నా వైపు ఉంటుంది. మొదటి వారం ఇరవై ఎనిమిది. తర్వాత ఇరవై ఏడు. తర్వాత ఇరవై ఐదు. ఇరవై నాలుగు. ఇరవై రెండు. నిన్న ఇరవై. అమ్మ చూసుకోదు. ముల్లు నా వైపు ఉండగానే సున్నాకి తిప్పేస్తుంది. నేను దాటితే ముసలిదాన్నైపోతానంది. నాకు భయమేసింది."

నా కోపమంతా దిగిపోయింది.

డాక్టరుగారు కాగితాలు పక్కకి నెట్టారు. "నీ కుడి చెయ్యి ఇటివ్వు," అన్నారు.

ఇచ్చాను. ఆవిడ నా అరచేతిని వెలుగులోకి తిప్పి, బొటనవేలి మొదట్లో వేలు పెట్టి నొక్కారు. అక్కడ మెత్తటి దిబ్బ ఉండాలి. పదేళ్లుగా ఎంతమంది చేతుల్లోనో దాన్ని నొక్కి చూశాను నేను. నా చేతిలో అది చదునైపోయి ఉంది. నా ఎడమ చేయి పక్కన పెట్టుకుని చూస్తే పసిపిల్లకైనా తేడా తెలుస్తుంది.

"తిమ్మిర్లున్నాయా?"

"పొద్దున్న పూట."

"ఎన్నాళ్ల నుంచి?"

"ఈ పని మొదలుపెట్టాక... కాదు మేడమ్. అంతకుముందు నుంచీ. ఎప్పుడో చలికాలం నుంచి."

మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోతోందని చెప్పారు ఆవిడ. పాత జబ్బేనట. రోజుకి అరవైసార్లు పిండడం దాన్ని ఎగదోసిందట. ఆపరేషను తప్పదు. నరం మీద ఒత్తిడి తీసేస్తే తిమ్మిరి పోతుంది గాని, కరిగిపోయిన కండ తిరిగొస్తుందో లేదో ఇప్పుడే చెప్పలేనన్నారు. నాకు ఈ చేతులే బతుకు. ఇంకొకరి చేతికి బలం తెప్పించాలంటే ముందు నా చేతిలో ఉండాలి. అది ఆవిడకీ తెలుసు కాబట్టి ఉత్త ధైర్యం చెప్పలేదు.

ఆ సాయంత్రం ఇంట్లో నీళ్ల సీసా తియ్యబోయి ఆగిపోయాను. మూత ఊరికే ఆనించి ఉంది. పక్కన నూనె సీసా. పంచదార డబ్బా. వరసగా అన్నింటినీ ముట్టుకుని చూశాను. అన్నీ నా కోసం వదులు చేసి పెట్టినవే. చేతిలో పస లేదా అని దాన్ని అడిగిన మనిషిని నేను. అక్కడే వంటగది గట్టుకి ఆనుకుని నించుని భోరున ఏడ్చాను. మా ఆయన వచ్చి, మెల్లగా నా చేతిలోంచి సీసా అందుకుని నీళ్లు పోసిచ్చాడు.

ఎనిమిదో సోమవారం ఆఖరిది. నా మణికట్టుకి పట్టీ ఉంది. మాస్టారూ నేనూ కుర్చీలు మార్చుకున్నాం. ఆయన కొలుస్తారు, నేను ఎడమచేత్తో రాస్తాను. నా అంకెలు కోడి కెలికినట్టున్నాయి. ముందుగా ఏడో నంబరు పాత వరసలన్నీ డాక్టరుగారు చెప్పినట్టు నేనే కొట్టేశాను. ఇన్నాళ్లూ భయపడ్డ గీత అది. అదొక్కటి మాత్రం తిన్నగా వచ్చింది.

మా మిరియం వచ్చి కూర్చుంది. మాస్టారు పిండి చూపించి, పిడి దాని చేతికిచ్చారు. అది నా వైపు చూసింది.

"నన్ను చూడకు," అన్నాను. "ఉన్నదంతా పిండు."

"పిండు," అన్నారు మాస్టారు మైదానపు గొంతుతో. "గట్టిగా. ఇంకా గట్టిగా. చాలు."

ముప్పై. రెండోసారి ముప్పై. మూడోసారి ఇరవై తొమ్మిది. అలిసిపోయింది నా బంగారుతల్లి. ఇరవై తొమ్మిది అని రాస్తుంటే కాగితం మసకబారింది.

పిల్లలంతా వెళ్లిపోయాక, అది పరికరం తీసుకుని నా ముందు కూర్చుంది. ముల్లున్న ముఖాన్ని తన వైపు తిప్పుకుంది.

"ఇప్పుడు నువ్వు. పట్టీ విప్పి, ఒక్కసారే. ఆపరేషనుకి ముందు ఎంత వస్తుందో రాసిపెట్టమన్నారు డాక్టరుగారు. భుజం వదులమ్మా. మోచెయ్యి ఒంటికి ఆనించు."

అన్ని మాటలూ నావే, గొంతు కూడా నాదే. ఒక్క మాట కూడా పొల్లుపోలేదు. పిండాను. అది "ఇంకా గట్టిగా" అన్నప్పుడు నా దగ్గర ఇంక ఏమీ లేదు.

"ఎంత?" అన్నాను.

అది ఎర్ర ముల్లు వైపు చూసింది. దాని బొటనవేలు తిప్పే మీట మీదకి వెళ్లడం చూశాను. ఒక్క క్షణం అక్కడే ఆగి, వెనక్కి వచ్చేసింది.

"పదిహేడు," అంది, పరికరాన్ని నా వైపు తిప్పి చూపిస్తూ.

పదిహేడు అని రాసుకున్నాను.

ఇంటికి నడిచి వెళ్తుంటే ఎండ నెత్తిన మాడుస్తోంది. సంచిలో నీళ్ల సీసా ఉంది. పొద్దున్న ఇంట్లో బయల్దేరేముందు అది చూస్తుండగానే మా ఆయన చేత మూత గట్టిగా బిగింపించాను, ఒలికిపోతుందని. దాహంతో నాలుక పిడచకట్టుకుపోయింది. ఎడమచేత్తో తిప్పుదామని ఒకసారి అనుకున్నాను. మళ్లీ ఎందుకో మానుకుని, సీసాని దాని ముందుకి చాపాను.

"రావట్లేదే. తియ్యి," అన్నాను.

అది తీసి ఇచ్చింది. నేను తాగాక మూత పెట్టి, కిర్రుమనేదాకా బిగించి, సీసాని తన సంచిలో పెట్టుకుంది.